మూడు పోగుల సందు

పన్ను పోయింది మక్క కంకి కొరుకుతుంటే. అదీ దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో, వాన వెలిసీ వెలవని సాయంత్రం, నలుగురూ చూస్తుండగా. బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్కతో రుద్ది ఇచ్చిన కంకి. గింజలు లేతగానే ఉన్నాయి. రెండోసారి కొరకగానే లోపలెక్కడో టిక్కుమంది. నొప్పి లేదు. గట్టి గింజేమో అనుకుని ఒకసారి నమిలాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది! అరచేతిలోకి తీసి చూసుకుంటే అది గింజ కాదు, పై వరసలో ముందు పన్ను ముక్క. పక్కనే ఇద్దరు హాస్టలు పిల్లలు నవ్వుకుంటూ కంకులు తింటున్నారు. వాళ్ల కంట పడకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

నాలుక మాత్రం ఊరుకోదు కదా. అది వెతికింది పన్నును కాదు, పన్ను పక్కనుండే సందును. చిన్నప్పటి నుంచీ దానికి అలవాటు, ఏ ఆలోచనలో ఉన్నా పోయి ఆ సందులో కూర్చుంటుంది. ఇప్పుడక్కడ సందు లేదు. రెండు గోడల్లో ఒకటి కూలిపోతే ఇంక నడుమ సందేముంటుంది? అప్పుడు భయం వేసింది. మెట్రో ఎక్కి ఎల్బీనగర్ వచ్చేదాకా నోరు తెరవలేదు. కిటికీ అద్దంలో తడిసిన దీపాలు ఒకదాని మీదొకటి జారిపోతుంటే, వాటి మధ్య కొంగు కప్పుకున్న ఒకావిడ ముఖం కనిపించింది. ఎవరో అనుకున్నాను ఒక్క క్షణం.

ఆ సందు మా అమ్మది. మాది పోచంపల్లి పక్కన ఊరు, నేతపని ఇల్లు. నాన్న మగ్గం గుంటలో కూర్చుంటే, అమ్మ నూలు పోగులను బారుగా గుంజి కట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పట్టీలు చుట్టేది. పోగు తెగితే అతకడానికి రెండు చేతులూ కావాలి. అందుకని ఒక కొసను ముందు పళ్ల నడుమ ఉన్న సందులో ఇరికించుకునేది. అప్పుడు ఎవరేమడిగినా అమ్మ జవాబు “ఊఁ” ఒక్కటే. అన్నం పెట్టుకోనా అంటే ఊఁ, పాలాయన వచ్చాడంటే ఊఁ, నేను అల్లరి చేస్తే ఇంకో రకం ఊఁ. తిట్టో ముద్దో మాకు ఇట్టే తెలిసిపోయేది.

నాకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను మోకాళ్ల నడుమ నిలబెట్టుకుంది. మూడు పట్టు పోగులు కలిపి పేనింది. ముందు తన సందులో లాగి చూపించింది. తర్వాత అదే దారం నా కొత్త పళ్ల మధ్య పెట్టి లాగింది. బిగువుగా, సరిగ్గా దిగింది. “చూసినవా, నాదే నీకొచ్చింది” అని నవ్వింది అమ్మ. పైన పెంకుల్లోంచి పడిన వెలుతురు గీత, ఎర్రరంగు అంటిన అమ్మ వేళ్లు, నోట్లో పట్టు రుచి, ఆ నవ్వు. అమ్మ గురించి ఇంతకంటే తేటగా నాకింకేదీ గుర్తులేదు.

నాకు పదేళ్లప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. తమ్ముడికి అప్పుడు మూడేళ్లు. అమ్మ ఫోటో ఒక్కటే ఉంది, జాతరలో తీయించింది. ఫోటో తీసేవాడు “నవ్వొద్దు, కదలొద్దు” అని గట్టిగా అరిచాడట. అమ్మ పెదాలు బిగించి, వాడి మీద కోపం వచ్చినట్టు చూస్తూ ఉంటుంది. అది చూపించి ఇదిగోరా అమ్మ అంటే, తమ్ముడు “గీమె మా అమ్మ కాదు” అని ఏడ్చేవాడు. మరి అమ్మ ఎట్లుంటుండె అని అడిగేవాడు. పదేళ్ల పిల్లను, నేనేం చెప్పను? నవ్వి చూపించేదాన్ని. “గిట్లుంటుండె” అనేదాన్ని. వాడు నా గడ్డం పట్టుకుని నోట్లోకి తొంగి చూసేవాడు. ఒక్కోసారి దారం సందులో పెట్టుకుని అమ్మలాగా ఊఁ అనేదాన్ని, వాడు కడుపు పట్టుకుని నవ్వేవాడు. అన్నం తిననని మొండికేసినా, బడికి పోనని ఏడ్చినా చివరికి బేరం ఒక్కటే. “అక్కా, అమ్మ లెక్క నవ్వు.”

మీసాలు వచ్చాక అడగడం మానేశాడు. మగపిల్లవాడు, సిగ్గు. ఇప్పుడు వాడికి హయత్‌నగర్‌లో చీరల దుకాణం, పెళ్లయిన కొడుకు, నెత్తిన సగం వెంట్రుకలు. కానీ ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంటికొచ్చి కూర్చుంటాడు. ఏదో మాట మీద నేను నవ్వుతానా, వాడు ఒక్కసారిగా మాట ఆపేసి నా నోటివంక చూస్తాడు. కళ్లలోకి కాదు, నోటివంక. మా ఆయనకు కూడా ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. అందుకే భయం. బస్టాపులో పోయింది నా పన్నే కావచ్చు, దాంతోపాటు మా తమ్ముడికి తెలిసిన అమ్మ కూడా పోయింది.

పళ్ల దవాఖాన ఎల్బీనగర్‌లో, ఒక మిఠాయి దుకాణం పైన. మెట్లెక్కుతుంటే జిలేబీ పాకం వాసన, తలుపు తీయగానే లవంగనూనె వాసన. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే చిన్నది. దీపం నోట్లోకి తిప్పి చూసి, ఎక్స్‌రే తీసి, షుగరు పరీక్ష కూడా చేసి, వేరు దాకా పగిలింది ఆంటీ, ఉంచడానికి లేదు అంది. ముందు పళ్లతో ఏం చేస్తుంటారు మీరు అని అడిగింది. దారం పట్టుకుంటా అన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో నాదో చిన్న కొట్టు ఉంది, చీర కొంగులకు పట్టుదారంతో కుచ్చులు కడతాం. చేతులు ముడి వేస్తుంటే దారం కొస ఎక్కడుండాలి? అమ్మకు ఉన్నచోటే నాకూ ఉంటుంది. డాక్టరమ్మ తల పట్టుకుంది. “ఇన్నేళ్లు గుంజితే పన్ను ఊరుకుంటుందా ఆంటీ?” అంది. మిగిలిన వేరు తీసేసింది.

సూది మత్తులో సగం ముఖం నాది కాకుండా పోయింది. పై పెదవి ఎక్కడో గాలిలో ఉన్నట్టుంది. ఆ మత్తులోనే డాక్టరమ్మ మాటలు వింటున్నాను, నీళ్లలోంచి విన్నట్టు. తీసి పెట్టుకునే పన్ను పెట్టించుకోవచ్చట, రోజూ కడుక్కుని మళ్లీ పెట్టుకోవాలి. లేదంటే బ్రిడ్జి. పోయిన పన్నుకు అటూ ఇటూ ఉన్న పళ్లు రెండూ అరగదీసి, మూడింటికీ కలిపి ఒకే తొడుగు వేస్తారు. అదీ కాదంటే ఇంప్లాంట్. ఎముకలో స్క్రూ బిగించి, అది అతుక్కున్నాక దాని మీద పన్ను కడతారు.

“మీకు బ్రిడ్జి బెస్ట్ ఆంటీ,” అంది. “తొందరగా అయిపోతుంది. పైగా మీ ముందు పళ్ల మధ్య గ్యాప్ ఉంది చూశారా, అది కూడా మూసుకుపోతుంది. నవ్వు నీట్‌గా ఉంటుంది.”

నోరు మొద్దుబారి ఉంది కాబట్టి బతికిపోయింది, లేకపోతే ఏమనేదాన్నో. ఆ పిల్ల తప్పేం లేదు, మంచికే చెప్పింది. నేను చేత్తో వద్దు వద్దన్నాను. “గ్యాప్ ఉండాలె బిడ్డా” అన్నాను. దూది నోట్లో ఉంది, మాట ముద్దగా వచ్చింది. ఆమె మళ్లీ అడిగింది, ఉంచాలా అని. ఉంచాలి అన్నాను.

“ఉంచాలంటే బ్రిడ్జి కుదరదు ఆంటీ. పక్కపన్నుతో కలిపే కదా కట్టేది. విడిగా నిలబడాలంటే ఇంప్లాంట్ ఒక్కటే. కానీ మీ షుగర్ ఇంత ఉంటే నేను ఎముకను ముట్టుకోను. అది తగ్గాలి. తగ్గినా ముందు భాగంలో మీ ఎముక పలచగా ఉంది, స్క్రూ పట్టకపోతే మళ్లీ బ్రిడ్జికే రావాలి. నెలలు పడుతుంది. ఆలోచించుకోండి.”

అప్పటిదాకా పెట్టుకోమని తీసి పెట్టే పన్ను ఒకటి చేయించి ఇచ్చింది. గులాబీరంగు ముక్క మీద తెల్లటి పన్ను, ఖాళీ అంతా నింపేంత వెడల్పుగా.

ఇంట్లో మా ఆయనకు చెబితే, “బ్రిడ్జి పెట్టియ్యిరాదు, పీడ పోతది. ఈ వయసుల నీకు సందెందుకు?” అన్నాడు. ఆయనకు ఏదైనా తొందరగా అయిపోవాలి. పెళ్లికి పోయినా ముందు బంతిలోనే కూర్చుంటాడు.

నా కొట్టు పక్కనే బ్లౌజులు కుట్టే ఆవిడ ఉంది. గుంటూరు వైపు మనిషి, వచ్చి పాతికేళ్లు దాటినా మాట మారలేదు. ఆవిడకు తీసి పెట్టే పన్ను ఉంది, దాని మీద మహా ప్రేమ. “నా మాట వినండి వదినగారూ, శుభ్రంగా తీసేసి కడుక్కోవచ్చు. ఎముకలో మేకులు కొట్టించుకోవడం ఏంటండీ, మీరేమన్నా గోడా?” అంది. అంటూనే తుమ్మింది. పన్ను ఎగిరి ఎవరిదో పెళ్లి బ్లౌజు మీద పడింది. ఇద్దరం కాసేపు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను కొంగు అడ్డం పెట్టుకుని, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. “ఇదిగో, ఇలాంటివి అప్పుడప్పుడూ ఉంటాయిలెండి” అంది, పన్ను దులిపి పెట్టుకుంటూ.

ఆదివారం తమ్ముడు వచ్చాడు. పన్ను సంగతి ఫోన్లో చెప్పాను కానీ వాడు చూడలేదు. ఆ వెడల్పాటి తాత్కాలిక పన్ను పెట్టుకుని, చీర మార్చుకుని, పేరంటానికి తయారైనట్టు కూర్చున్నాను. పకోడీలు చేశాను. మాటల్లో మా ఆయన ఏదో అన్నాడు, నేను నవ్వాను. తమ్ముడు అలవాటుగా మాట ఆపి నా నోటివంక చూశాడు.

చూసి తల దించుకున్నాడు. పకోడీ ముక్కను రెండు చేశాడు, రెండింటిని నాలుగు చేశాడు, తినలేదు. “బాగున్నదక్కా” అన్నాడు ప్లేటుతో. చాయ్ అయినా తాగకుండా, దుకాణంలో పనుందని వెళ్లిపోయాడు. ఆదివారం సాయంత్రం ఏం పనిరా నీకు! ఒళ్లు మండింది నాకు. నోరు తెరిచి ఒక్క మాట అంటే వీడి సొమ్మేం పోయింది? చిన్నప్పుడు నా గడ్డం విరిగేలా పట్టుకుని తొంగిచూసినవాడు, ఇప్పుడు పకోడీలు లెక్క పెట్టుకుంటూ కూర్చుంటాడా? గిన్నెలు కడుగుతూ అందరినీ తిట్టాను, డాక్టరమ్మను, కంకులమ్మేవాణ్ని, మా ఆయన్ని, ఎప్పుడో జాతరలో నవ్వొద్దన్న ఆ ఫోటోవాణ్ని. తిట్టీ తిట్టీ అలసిపోయి, గట్టు మీద చేతులు పెట్టుకుని ఏడ్చాను. స్క్రూ పెట్టించుకుందామని అప్పుడే తేలిపోయింది.

ఇంక షుగరు తగ్గించే యాగం మొదలైంది. పొద్దున్నే కాలనీ పార్కులో నడక, రాత్రి జొన్నరొట్టె. చాయ్‌లో చక్కెర బంద్. కొట్టు ఎదురుగా ఇరానీ చాయ్ దుకాణం, ఉస్మానియా బిస్కెట్ల వాసన నేరుగా నా ముక్కులోకే వస్తుంది. వినాయక చవితికి టైలరావిడ ఉండ్రాళ్లూ బూరెలూ పట్టుకొచ్చి, ఒక్కటి తింటే ఏం కాదండీ అని బతిమాలింది. “బాలాపూర్ వేలం లడ్డూ తెచ్చి నోట్ల పెట్టినా తినను వదినా” అన్నాను. ఆవిడ ఆ పళ్లెం నా ఎదురుగానే పెట్టుకుని తినేసింది, మహాతల్లి.

ఆ రోజుల్లో మధ్యాహ్నాలు విచిత్రంగా ఉండేవి. చక్కెర మానినందుకో, రోజంతా నోరు మూసుకుని ఉన్నందుకో, భోజనం కాగానే కొట్లో కునుకు పట్టేది. చుట్టూ వేలాడే దారపు కండెలు, ఎర్రవి, పసుపువి, నెమలిరంగువి, ఫ్యాను గాలికి మెల్లగా ఊగేవి. పైన మెట్రో పోయినప్పుడల్లా అద్దాల బీరువా సన్నగా మోగేది. ఆ మోత మగ్గం చప్పుడులో కలిసిపోయేది, నేను మా పాత ఇంట్లో ఉండేదాన్ని. పన్ను ఊడినట్టు కలొస్తే ఇంట్లో ఎవరికో కీడంటారు కదా, నాకు రివర్సులో వచ్చేవి కలలు. పళ్లు మొలిచేవి. అరచేతిలో మొలిచేవి, చీర అంచు మీద మొలిచేవి, మక్క కంకికి గింజల బదులు తెల్లగా వరసగా మొలిచేవి. ప్రతి రెండింటి మధ్యా సన్నటి సందు.

ఒకసారి కలలో మెట్రో ఎక్కాను. ఎల్బీనగర్ అని చెప్పి తలుపులు తెరుచుకుంటే ఎదురుగా మా పెంకుటింటి అరుగు. అమ్మ గుంజకు కట్టిన నూలు ముందు కూర్చుని ఉంది. దగ్గరికి పోయాను. తల ఎత్తింది. ఏం చెప్పమంటారు, ఆ ముఖం నాది. యాభై దాటిన నా ముఖమే, నెరిసిన జుట్టుతో, కళ్లద్దాలతో. అమ్మ పోయినప్పుడు ఆమెకు ముప్పై కూడా లేవు. ఇన్నేళ్లుగా అమ్మ నవ్వు గుర్తు చేసుకుంటూ చేసుకుంటూ, అసలు ముఖం ఎప్పుడు పోగొట్టుకున్నానో, అద్దంలో ముఖం ఎప్పుడు అక్కడ పెట్టుకున్నానో తెలియదు. లేచి చూస్తే గిరాకీ నిలబడి ఉంది. “ఆంటీ, కుచ్చులు అయినయా?” అంటోంది.

చలి మొదలయ్యేసరికి షుగరు దిగింది. డాక్టరమ్మ స్క్రూ బిగించింది. బిగించేటప్పుడు నొప్పి లేదు కానీ తలలో ఎవరో తలుపు గడియ పెడుతున్నట్టు చప్పుడు. తర్వాత ఎదురుచూపులు. ఎముక పట్టుకుంటుందా లేదా అని దేవుడికి దండం పెట్టుకున్నాను, స్క్రూకు దండం పెట్టుకున్నాను. ఎక్స్‌రే తీసినప్పుడల్లా డాక్టరమ్మ ముఖం చూసేదాన్ని, ఫలితాలు చూసుకునే కోచింగ్ పిల్లల్లాగా. ఎండలు ముదిరాక ఒకరోజు ఆమె వేలితో తట్టి చూసి నవ్వింది. పట్టుకుంది ఆంటీ అంది. నేను ఆ కుర్చీలోనే ఆమె చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. రబ్బరు గ్లౌజు చేదుగా ఉంది.

పన్ను కొలతలు తీసుకునేటప్పుడు, సందు ఎంత ఉండేదో తెలియాలి, మీరు నవ్వుతున్న పాత ఫోటో ఏదైనా ఉందా అని అడిగింది. ఇంట్లో పెట్టెలన్నీ తిరగేశాను. పెళ్లి ఫోటోలో తల వంచుకుని ఉన్నాను. మిగతావాటిలో పెదాలు మూసి ఉన్నాను. ఫోన్లో మా అమ్మాయి తీసినవాటిలో నవ్వు వచ్చిన చోటల్లా చెయ్యి అడ్డం ఉంది. ఇదేం ఖర్మ, నేనూ అమ్మలాగే చేశానన్నమాట! అద్దంలో ఎన్నోసార్లు చూసుకున్నాను కానీ అద్దం ముందు ఎవరు నవ్వుతారు? చూసినవాడు ఒక్కడే ఉన్నాడు.

ఫోన్ చేశాను. “పన్ను అతికే ముందు ఒకసారి పెట్టి చూస్తరట. నువ్వు రావాలె” అన్నాను.

“నేనెందుకక్కా?” అన్నాడు.

“ఎందుకో నీకు తెల్వదా?”

వాడి దుకాణం ముందు బస్సులు హారన్లు కొడుతున్నాయి. “ఎప్పుడు రావాలె?” అన్నాడు.

మధ్యాహ్నం దుకాణం కొడుకు మీద వదిలేసి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుళ్లోకి వచ్చినట్టు లోపలికొచ్చి గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ చిన్న డబ్బీలోంచి కొత్త పన్ను తీసి స్క్రూ మీద పెట్టింది. పక్కనున్న నర్సమ్మ చప్పట్లు కొట్టింది. “అబ్బ, ఎంత బాగుంది ఆంటీ, అసలు తేడానే లేదు!”

నాలుక అప్పటికే పోయి చూసింది. సందు లేదు. నున్నగా, గోడకు గోడ కలిపేసినట్టు ఉంది. తమ్ముడి వంక చూశాను. వాడు తల దించుకున్నాడు, ఆనాటి ఆదివారంలాగే. ఇన్ని నెలలు, ఇన్ని జొన్నరొట్టెలు, దీనికేనా?

అప్పుడు వాడు అన్నాడు, నేలవంక చూస్తూనే. “గట్ల కాదు మేడమ్. సందుండాలె.”

డాక్టరమ్మ నాలుక కరుచుకుంది. ల్యాబుకు సందు ఉంచమనే చెప్పిందట. ఫోన్ చేసి కనుక్కుని వచ్చి చెప్పింది, వాళ్లు అది పొరపాటు అనుకున్నారట. “అందరూ సందు మూయించుకోవడానికే వస్తారు కదా ఆంటీ, ఉంచుకోవడానికి ఎవరొస్తారు? మేడమ్ హడావుడిలో తప్పు చెప్పి ఉంటారు, సర్దేద్దాం అని వాళ్లే వెడల్పు చేసేశారు” అంది. కోపం రావాలి కానీ నాకు నవ్వొచ్చింది. ఏం చేస్తారు పాపం, వాళ్లకు తోచిన మంచి వాళ్లు చేశారు.

“ఇక్కడే కొంచెం అరగదీసి చూస్తాను, ఎంత ఉండాలో చెప్పండి,” అంది డాక్టరమ్మ.

సంచీలోంచి పట్టుదారం తీశాను. మూడు పోగులు కలిపి పేనాను. ఇది బిగువుగా దిగాలె అన్నాను. ఆమె నన్నొకసారి, దారాన్నొకసారి చూసింది. పన్ను తీసి యంత్రం మీద పెట్టి, అంచు కొద్దిగా గీసింది. పెట్టి చూసింది. దారం దిగలేదు. మళ్లీ గీసింది. ఈసారి కింద కొసన దూరి మధ్యలో ఇరుక్కుంది. తమ్ముడు స్టూలు ముందుకు జరుపుకున్నాడు. “కింద జర ఎక్కువుండాలె మేడమ్, పైకి పోతుంటే సన్నం” అని రెండు చూపుడు వేళ్లు దగ్గర పెట్టి చూపించాడు. ఆ ఆకారం నాకే తెలియదు. నాకు బిగువు తెలుసు, వాడికి చూపు తెలుసు. నోరు తెరుచుకుని పడుకుని, మా తమ్ముడు నా పళ్ల గురించి డాక్టరుకు పాఠం చెబుతుంటే వింటున్నాను. ఏసీ చప్పుడు, యంత్రం సన్నటి పాట, కింద నుంచి జిలేబీ వాసన. కళ్లు మూతలు పడుతున్నాయి. ఎవరో నన్ను మోకాళ్ల నడుమ నిలబెట్టుకున్నట్టుంది.

మూడు పోగులూ దిగాయి. బిగువుగా, సరిగ్గా.

డాక్టరమ్మ ఆ పన్నును మెరుగు పెట్టడానికి మళ్లీ పంపింది. అది వచ్చి అతికించే రోజున తమ్ముణ్ని నేను పిలవలేదు. మెట్లెక్కి చూస్తే వాడు నాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు.

అతికించడం అయిపోయింది. చివరిసారి దారం లాగి చూసుకుంటానన్నాను. “ఇదే ఆఖరు ఆంటీ. ఇక నుంచి దారం పళ్లతో పట్టనని మాటివ్వండి” అంది డాక్టరమ్మ. మాటిచ్చాను. ఆమె చేతులు కడుక్కోవడానికి పక్కగదిలోకి వెళ్లింది.

గోడ పక్కన స్టూలు మీదున్న తమ్ముడు కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల మెట్రో వచ్చి ఆగింది, మళ్లీ కదిలింది. అది పోయేదాకా ఆగి, అటు చూస్తూనే అన్నాడు.

“అక్కా. అమ్మ లెక్క నవ్వు.”

మీసాలు వచ్చాక మొదటిసారి అడిగాడు. నా వల్ల కాలేదు. నవ్వు ఎక్కడ మొదలు పెట్టాలో తెలియలేదు. ఇన్నాళ్లూ దేనికోసం చక్కెర మానానో అది చేతిలోకి వచ్చాక చెయ్యలేకపోతున్నాను, చూడండి నా మొహం! వాడు ఆగాడు. గడ్డం పట్టుకోలేదు కానీ అలాగే ముందుకు వంగి కూర్చున్నాడు. నా చేతిలో ఇంకా దారం ఉంది. కొస సందులో ఇరికించుకున్నాను.

“ఊఁ” అన్నాను.

వాడు ఫక్కున నవ్వాడు, మూడేళ్లవాడిలాగా. అది చూసి నాకూ నవ్వొచ్చింది. దారం జారి ఒళ్లో పడింది. నవ్వుతున్నాను, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, కొంగు కప్పుకోకుండా. వాడు నవ్వడం ఆపేసి చూస్తున్నాడు. ఎంతసేపు చూశాడో.

“ఎట్లున్నదిరా? గట్లనే ఉన్నదా?” అని అడిగాను.

“గట్లనే ఉన్నదక్కా” అన్నాడు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ చూశాడు నా నోటివంక, నెరిసిన నా జుట్టువంక, కళ్లద్దాలవంక.

“అమ్మ ముసల్దైంది” అన్నాడు.